గోడమీద బొగ్గు గీతలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన హాస్టల్ నుండి కబురు వచ్చినప్పుడు మేము ముందు అంబేడ్కర్ గారి మీద రాద్దామనుకున్నాం. తర్వాత సావిత్రిబాయి ఫూలే మీద అనుకున్నాం. వాళ్ళ గురించి మన సంచికలో ఏటేటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మాకంటే బాగా రాస్తున్నారు. చివరికి చెల్లి అంది: "నాయనమ్మ గురించి రాద్దామక్కా. ఆమె గురించి మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?" అందుకే ఈ నాలుగు మాటలు.

ఇందులో 'మేము' అంటే మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. రాస్తున్నది అక్క, మరిచిపోయినవి గుర్తుచేస్తున్నది చెల్లి. మాలో పెద్దది నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి చేతులు అవే. చిన్నది ఆ దారిలోనే ఉంది. ఇద్దరం మూడో తరగతి నుండి సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో పెరిగిన వాళ్ళమే. నాయనమ్మ పేరు మాత్రం రాయడం లేదు. పేపర్లో పేరెక్కేది కొట్లాట కేసుల్లో ఉన్న వాళ్ళదేనని ఆమె గట్టి నమ్మకం. పల్నాడులో పుట్టిన మనిషి కదా!

మాది కారంపూడికి దగ్గర్లో చిన్న పల్లె. పల్నాడు అనగానే బయటివాళ్ళు నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం అంటారు. మాకు నాయకురాలు అంటే కూలి ముఠాను తోలుకుపోయే మేస్త్రమ్మే. కార్తీక మాసంలో కారంపూడిలో వీరారాధన జరిగే అయిదు రోజుల్లో ఒక్కరోజు మాత్రం నాయనమ్మ కూలి మానేది. వీరవిద్యావంతులు కన్నమదాసు కథ పాడుతుంటే కొంగు నెత్తిన వేసుకుని కూర్చుని వినేది. చాపకూడు గురించి మేము పుస్తకంలో చదివి గొప్పగా చెప్పబోతే, "ఒక్క చాప మీద కూసోబెట్టాడు, బానే ఉంది. ఆ అంట్లు ఎవరు తోమారో చెప్పలా" అంది.

ఆమె ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో జనవరి ఒకటో తేదీ, 1952 అని ఉంది. ఊళ్ళో ఆమె ఈడు వాళ్ళందరూ జనవరి ఒకటినే పుట్టారు! ఆమె లెక్క వేరు. "సాగర్ కాలవలకి ఇందిరమ్మ నీళ్ళొదిలిన ఏడు నాకు పదేళ్ళు" అనేది. ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆ లెక్కన ఆధార్ కార్డు ఆమెను అయిదేళ్ళు ముసలిదాన్ని చేసింది. వాళ్ళమ్మ కుడి కాలువ తవ్వకంలో మట్టి తట్టలు మోసిందట. ఆ కట్ట మీద చంటిపిల్లలకు ఊయలలు కట్టి, ఊపే పనికి నాయనమ్మను కూర్చోబెట్టేవాళ్ళట. సాగర్ రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదని స్కూల్లో బిట్టు ప్రశ్నగా చదువుకున్నాం. ఊయలల సంగతి బిట్టు పేపర్లో లేదు.

కాలువ రాకముందు అంతా జొన్న, సజ్జ. శ్రీనాథుడు పల్నాడు వచ్చి జొన్నకూడు తినలేక విసుక్కుని పద్యాలు చెప్పాడంటారని తెలుగు మాస్టారు పాఠంలో చెప్పారు. ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాం. "కూలికి పోకుండా తింటే ఎట్టా అరుగుద్దే?" అంది. శ్రీనాథుడి మీద మేము విన్న విమర్శల్లో ఇదే బాగుంది.

ఆమె జీవితం గురించి చెప్పాలంటే పెద్ద కథేమీ లేదు. పన్నెండో ఏటో పదమూడో ఏటో పెళ్ళి. నలుగురు పిల్లలు, ఇద్దరు దక్కారు. మా తాత మేము పుట్టకముందే పోయాడు. మా నాయన పిడుగురాళ్ళలో సున్నం బట్టీల్లో పనిచేసి, దగ్గుతూ దగ్గుతూ 2009లో పోయాడు. అమ్మ ఏడాదిలో సగం రోజులు గుంటూరు వెళ్ళి కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనిచేసేది. మమ్మల్ని చూసుకున్నది, హాస్టల్లో చేర్చింది, సెలవులకు తీసుకెళ్ళింది నాయనమ్మే. హాస్టల్ పెట్టె మీద పేరు రాయించుకోవడానికి పెయింటర్‌కి పది రూపాయలిచ్చి, "పెద్దక్షరాలు వెయ్యయ్యా, నాకు కూడా కనపడాల" అంది. చదవడం రాదు మరి. కనపడితే చాలనుకుందేమో.

ఇక గోడ సంగతి. ఇది రాయడానికే మేము కూర్చున్నాం, ఇంతసేపూ దాటేస్తూ వచ్చాం.

మా పాత ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. లోపలి గదిలో దీపం గూడు ఉండేది. ఆ గూటి పక్కన, తలుపు పైన, ఉట్టి కింద గోడంతా నల్లటి బొగ్గు గీతలు. చిన్నప్పటి నుండి చూస్తున్నాం కాబట్టి అవి మాకు గోడలో భాగమే, పొగచూరిన మరకల్లాగా.

2015 జనవరిలో సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చాం. పెద్దది ఏడు, చిన్నది అయిదు చదువుతున్నాం. ఆ నెల 3న సావిత్రిబాయి ఫూలే జయంతికి హాస్టల్లో వక్తృత్వ పోటీ పెడితే పెద్దదానికి మొదటి బహుమతి వచ్చింది. 1848లో పూణేలో ఆడపిల్లల బడి పెట్టడం గురించి చేతులూపుతూ మాట్లాడింది. బహుమతి ఒక స్టీలు గ్లాసు. ఆ ఉత్సాహంలో ఇంటికొచ్చి, పండగలోపు నాయనమ్మకు తెలియకుండా ఇల్లంతా సున్నం వేసి ఆశ్చర్యపరుద్దామని అనుకున్నాం. నాయన ఉన్నప్పుడు బట్టీ నుండి తెచ్చిన సున్నపు గడ్డలు పాత బానలో ఇంకా ఉన్నాయి. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికింది. కాస్త నీలిమందు కలిపాం. తాటిమట్ట చితగ్గొట్టి కుంచె చేశాం. నాయనమ్మ తెల్లవారుజామునే పత్తి తీతకు పోయింది. సాయంత్రానికి ఇల్లు పాలలాగా అయింది. చేతులు పొక్కినా మాకు ఏమీ అనిపించలేదు.

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. నెత్తిమీద గోతం దించలేదు. చాలాసేపు చూసి, "తెల్లగుందే" అంది. మేము నవ్వుతున్నాం. తర్వాత గోతం దించి, గూటి దగ్గరకు పోయి గోడను అరచేత్తో తడిమింది. అరచేతికి సున్నం అంటింది. "ఈడ గీతలుండాలే" అంది.

అప్పుడు చెప్పింది. అవి ఆమె కూలి లెక్కలు. గూటి పక్కన ఒక రైతు, తలుపు పైన ఒక రైతు, ఉట్టి కింద ఒక రైతు. ఎవరి చేలో పనిచేస్తే వాళ్ళ చోట నిలువు గీత. ఒంటిపూట పనైతే సగం గీత. పత్తి తీతకు కిలోల లెక్క కాబట్టి పది కిలోలకు ఒక సున్నా. ముందుగా డబ్బు వాడుకుంటే తడి కుంకుమతో ఎర్రచుక్క, నూరుకి ఒకటి. పంట అమ్మాక ఇస్తామని రైతులు ఆపిన కూలి అంతా ఆ గోడమీద ఉంది. అక్టోబరు నుండి జనవరి దాకా. అంటే ఆమెకు రాయడం వచ్చు! మాకే చదవడం రాలేదు. మురికి అనుకుని తుడిచేశాం.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి అన్నం తిని పడుకుని, చీకట్లో వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. అట్లతద్దికి ముందు ఎన్ని, వాన పడ్డాక ఎన్ని, జొరం వచ్చి ఆగింది ఎన్ని. మేము నిద్రపోయినట్టు నటించాం.

పండగ అయ్యాక మమ్మల్ని వెంటబెట్టుకుని ముగ్గురు రైతుల ఇళ్ళకూ పోయింది. మొదటాయన తనే కౌలుకు చేసుకుంటున్న మనిషి, అప్పుల్లో ఉన్నాడు. ఆమె ఎన్నంటే అన్నింటికీ ఒక్క మాట అడగకుండా ఇచ్చాడు. పైగా మా చేతుల్లో చెరో పది పెట్టాడు. రెండో ఆయన దగ్గర ఆమె ఇరవై మూడు రోజులంది. ఆయన కొడుకు లోపల్నుంచి పుస్తకం తెచ్చి, "పదిహేడే ఉండాయి గదమ్మా" అన్నాడు. మనలాగే నీట్‌గా గీతలు కొట్టి రాసుకున్న పుస్తకం. "ఇరవై మూడు బాబూ, గోడమీద ఉండె" అంది. "గోడ యాడుందమ్మా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడో మామూలుగా అన్నాడో మాకు గుర్తులేదు. చెల్లి నవ్వాడంటుంది. రోజుకు 150 రూపాయల చొప్పున ఆరు రోజులు, 900 రూపాయలు పోయాయి. అప్పట్లో ఆమెకు నెలకు వచ్చే వితంతు పింఛను 1000. అది కూడా 2014 అక్టోబరులో పెంచబట్టి. అంతకుముందు 200.

మూడో రైతు దగ్గర జరిగింది మాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన లెక్క ఆమె లెక్క సరిపోయాయి. డబ్బు చేతిలో పెడుతుంటే, "అయిదొందలు వాడుకున్నా, అది పట్టుకోండి" అంది. ఆయన మరిచిపోయాడు, పుస్తకంలో కూడా లేదు. గోడమీది ఎర్రచుక్కలు కూడా మా సున్నం కింద పోయినవే కదా! దారిలో మేము అడిగితే, "నల్లయి గుర్తున్నప్పుడు ఎర్రయి గుర్తుండవా?" అంది.

సెలవులు అయిపోయి హాస్టల్‌కు వచ్చాక స్టీలు గ్లాసులో నీళ్ళు తాగబుద్ధి కాలేదు. గవర్నమెంటు ఇచ్చిన రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి దాచి, వేసవి సెలవుల్లో నాయనమ్మ లెక్కల పుస్తకం మొదలుపెట్టాం. తేదీ, రైతు, పని, కూలి, వాడకం అని గళ్ళు కొట్టాం. ఆమె పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నా పని యాడుందే?" అంది. అంకెలు చూపించాం. నమ్మకం కలగలేదు. చివరికి ప్రతి అంకె పక్కన పెన్సిలుతో గీతలు కూడా గీశాం. అప్పుడు వేలుపెట్టి లెక్కపెట్టుకుని, "ఊ, ఉంది" అంది. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో మళ్ళీ గోడే. సెలవులకు వచ్చినప్పుడు గోడ చూసి పుస్తకంలోకి ఎక్కించేవాళ్ళం. సున్నం మాత్రం ఆ గదికి మళ్ళీ ఎవరూ వేయలేదు.

రేషను షాపులో వేలిముద్రల మిషను పెట్టిన కొత్తలో ఆమె ముద్ర పడేది కాదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, పది వేళ్ళూ పెట్టేది. చింతపండుతో తోముకుని, జుట్టుకు రుద్దుకుని మళ్ళీ పెట్టేది. మిరపకాయ, సున్నం, కొడవలి పిడి తినేసిన వేళ్ళవి. వెనక లైన్లో వాళ్ళు విసుక్కునేవారు. కార్డులో మా పేర్లు కూడా ఉన్నాయి కాబట్టి సెలవుల్లో మేము పోతే, మా వేలు ఒక్కసారికే పడేది. "చదువుకునే వేళ్ళు గదా, మెత్తగుంటయ్" అని పక్కనున్న వాళ్ళకు గర్వంగా చెప్పేది. మాకు మాత్రం సిగ్గేసేది.

ఆమె పని ఏమిటో మాకు నిజంగా తెలిసింది 2020లో. మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్ళు మూసేశారు. ఇంటికొచ్చాం. మిరప కోతలు మాంచి ఊపులో ఉన్నాయి, బయటి జిల్లాల ముఠాలు రాలేదు, కూలీలు దొరకడం లేదు. మేమూ పోతామన్నాం. "చూద్దాం ఎన్నిరోజులో" అంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేపేది. సద్దన్నం, ఊరమిరపకాయ. క్యారేజీ కట్టుకుని మూతికి గుడ్డ కట్టుకుని చీకట్లో నడక. అది తేజ రకం, సన్నకాయ. బుట్ట నిండినట్టే ఉంటుంది, తూకానికి రాదు. మొదటి గంట హుషారుగానే కోశాం. ఎండ ఎక్కాక చేతులు మండడం మొదలైంది. చెమట తుడుచుకుంటే మొహం, మొహం కడుక్కుంటే కళ్ళు. వంగితే నడుము, లేస్తే కళ్ళు తిరగడం. చెల్లి పదిగంటలకే సాలులో కూర్చుని ఏడ్చింది. నాయనమ్మ మాత్రం రెండు సాళ్ళు పట్టుకుని, మా సాలులో వెనకబడ్డ చెట్లు కూడా కోసుకుంటూ ముందు పోతోంది. ఆ వయసులో! ఎవరితోనో మాట్లాడుతూ, నవ్వుతూ. ఆ రోజు పొద్దుగూకేదాకా ఆమె నడుము సగం వంచే ఉంది.

రాత్రి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుంది. మజ్జిగలో ముంచింది, తగ్గలేదు. ఆముదం రాసింది. మా నాలుగు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసిరింది. "నీకు మండట్లేదా నాయనమ్మా?" అంటే తన అరచేతులు చూపించి, "ఇయ్యి ఎప్పుడో చచ్చిపొయ్యాయి" అంది. ఆ అరచేతులు ఇప్పుడు కూడా కళ్ళముందు మెదులుతున్నాయి.

పందొమ్మిది రోజులు పోయాం. కళ్ళంలో ఎండబెట్టిన కాయల్లో తాలుకాయ ఏరడం మాకు బాగా వచ్చింది. కోత మాత్రం చివరిదాకా రాలేదు. పుస్తకంలో ఆ పందొమ్మిది రోజులకు మా పేర్లు కూడా ఉన్నాయి. మా కూలి ఆమెకంటే రోజుకు యాభై తక్కువ. అది న్యాయమే.

ఆ పుస్తకం ఇప్పుడు తిరగేస్తుంటే మన పల్నాడు చరిత్రంతా అందులో ఉన్నట్టనిపిస్తుంది. 2021 చివర్లో పేజీలు ఖాళీ. ఆ ఏడు నల్ల తామరపురుగు పడి గుంటూరు జిల్లా మిరపతోటలన్నీ పూతమీదే ముడుచుకుపోయాయి. రైతులు చేలు దున్నేశారు. కోతలే లేవు. రైతు నష్టపోయిన సంగతి పేపర్లలో వచ్చింది. కోతల్లేని కూలి మాత్రం ఈ పుస్తకంలో ఖాళీ గళ్ళుగా ఉండిపోయింది. యూనివర్సిటీలో వేతన సిద్ధాంతాల మీద పదిహేను మార్కుల ప్రశ్న వస్తే మేము నాలుగు పేజీలు రాశాం. ఖాళీ గడి గురించి ఏ సిద్ధాంతంలోనూ కనపడలేదు. మేము సరిగా చదవలేదేమో కూడా.

అన్నీ కష్టాలే రాస్తే ఆమె ఒప్పుకోదు. బాగా నవ్వించేది. తెనాలి దగ్గర గుడివాడలో కర్రె మస్తానమ్మ గారని నూరేళ్ళు దాటిన అవ్వ యూట్యూబ్‌లో వంటలు చేసేవారు, మీలో చాలామంది చూసే ఉంటారు. 2018 డిసెంబరులో కన్నుమూశారు. ఆమె పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో పక్కింటి వాళ్ళ ఫోనులో నాయనమ్మకు చూపించాం. మొత్తం చూసి, "పుచ్చకాయ దండగ. ఇంతకీ ఆ పెద్దమ్మకి రోజుకు కూలి ఎంతిస్తన్నారు?" అని అడిగింది. లక్షలమంది చూస్తున్నారంటే, "చూసేవాళ్ళు సరే, కూలి ఎంతే?" అని మళ్ళీ అడిగింది.

మన నరసరావుపేట హాస్టల్‌కు ఆమె నెలకోసారి పల్లెవెలుగు బస్సులో వచ్చేది. పింఛను తీసుకున్న వారంలోనే వచ్చేది. సంచిలో వేరుశనక్కాయలు, పచ్చళ్ళు, సబ్బులు. మన గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చుని అందరి పిల్లల్నీ పలకరించేది. "మీది ఏ ఊరు? మీ అమ్మ ఏ పనికి పోద్ది? కూలి ఎంత?" అదే వరస. పాత బ్యాచ్ అక్కలు ఆమెకు 'కూలి నాయనమ్మ' అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. ఏమీ అనుకోలేదు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయిందని, నరసరావుపేట కలెక్టరాఫీసు ఊరు అయిందని చెబితే, "అయితే నేను వచ్చేది జిల్లాకన్నమాట" అంది.

2023 ఏప్రిల్‌లో పోయింది. కోతలు అయిపోవస్తున్న రోజులు. సాయంత్రం చేలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నడవలో కూర్చుని పక్కకు ఒరిగిపోయిందట. అమ్మ గుంటూరులో ఉంది, మేము నరసరావుపేటలో డిగ్రీ చివరి ఏడు పరీక్షలకు చదువుతున్నాం. పక్కింటి వాళ్ళు ఫోన్ చేశారు. మేము వెళ్ళేసరికి ఎవరో ఆమె చేతులు రెండూ కలిపి కట్టారు. అంతకు మించి ఆ రోజు గురించి రాయాలని లేదు. ఆమె చివరి పింఛను 2750 కొంగు ముడిలోనే ఉంది.

మొన్న 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే ముప్పాళ్ళ మండలంలో మిరప కోతలకు పోయి వస్తున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడకూలీలు చనిపోయారని పేపర్లో చూశాం. చెల్లి ఆ పేపరు మడిచి నాయనమ్మ పుస్తకంలో పెట్టింది. ఎందుకు పెట్టావని అడగలేదు.

పాత ఇల్లు పడగొట్టి పక్కా ఇల్లు కట్టుకుంటున్నాం. గోడ పడగొట్టే ముందు గూటి పక్కన సున్నం పెచ్చులు చాకుతో గీకి చూశాం, ఆ ఆరు గీతలు కింద ఉన్నాయేమోనని. పెచ్చులు ఊడాయి, మట్టి రాలింది. అంతే.

పుస్తకం మాత్రం ఉంది. చివరి పేజీలో మా చేతిరాత లేదు. 2023 ఉగాదికి మేము ఇంటికి రాలేదు, పరీక్షలని ఉండిపోయాం. మేము రాలేదని ఆమె తనే పుస్తకం తీసి బొగ్గుతో రెండు గీతలు గీసింది. కాగితం మీద బొగ్గు సరిగా అంటదు కాబట్టి గట్టిగా నొక్కినట్టుంది, వెనక పేజీకి కూడా అచ్చు పడింది. రెండూ నిండు గీతలే, రెండు నిండు రోజులు. ఎర్రచుక్క లేదు. కానీ ఎవరి చేలోనో తెలియదు. గోడమీద అయితే చోటును బట్టి రైతు తెలిసేది, పుస్తకంలో ఆమెకు చోటు లేదు.

ఆ నెలలో ఆమె పోయిన రైతులు ముగ్గురని అమ్మ పేర్లు చెప్పింది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పుస్తకం పట్టుకుని ఒకాయన ఇంటికి పోయాం. ఆయన కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, నాయనమ్మను తలుచుకున్నాడు, తన కూలి అంతా అప్పుడే ఇచ్చేశానని చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. ఇంకా ఇద్దరున్నారు. వేసవి సెలవులకు పోతాం.